పసుపు కాగితం: మా సర్జరీ విభాగంలో ఆపరేషన్ నోట్సు మార్చే పని

జూన్ – రికార్డుల గది

కడుపునొప్పితో వచ్చిన ఒక నడివయసు మనిషికి బొడ్డుకు పైనా కిందా పొడవాటి పాత మచ్చ ఉంది. ఎక్కడో మరో జిల్లాలో ఆపరేషన్ అయింది. చేతిలో ఉన్న డిశ్చార్జి కార్డులో ‘లాపరోటమీ చేశాం’ (పొట్ట కోసి తెరిచాం) అని తప్ప మరేమీ లేదు. పేగు కోసి కలిపారా, అపెండిక్స్ తీశారా, ఊరికే కడిగి మూశారా? లోపలికి వెళ్లాక మేమే వెతుక్కున్నాం. ఆ కార్డు రాసినవాళ్లను అందరం తిట్టుకుంటుంటే, “మన కార్డులు చూసి ఎవరెవరు ఏమనుకుంటున్నారో” అని మత్తు డాక్టర్ తల ఎత్తకుండానే అన్నారు. మర్నాడే మా విభాగాధిపతి, మేం ఆపరేషన్ నోట్సు రాసే తీరు మార్చే పని నాకు అప్పగించారు.

ముందు మా పాత కేస్ షీట్లు తీయించాను. అన్ని ఆపరేషన్లూ చూడాలనుకుంటే ఏదీ సరిగా చూడలేం. అందుకే హెర్నియా, పిత్తాశయం, అపెండిక్స్, అల్సర్‌కు చిల్లుపడి అత్యవసరంగా వచ్చినవి, ఈ నాలుగే ఎంచుకున్నాను. కొలవడానికి ఇంగ్లండ్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు పెట్టుకున్నాను. తేదీ, సమయం, ముందే నిర్ణయించిన ఆపరేషనా అత్యవసరమా, చేసిందెవరు, సాయం చేసిందెవరు, మత్తు ఇచ్చిందెవరు అన్న వాటితో ఆ జాబితా మొదలవుతుంది. కోత ఎక్కడ, లోపల ఏం కనిపించింది, ఏం చేశారు, ఏ ఇబ్బంది ఎదురైంది, అదనంగా ఏదైనా చేస్తే ఎందుకు చేశారు, ఏం తీశారు, ఏం అమర్చారు, అమర్చిన దాని గుర్తింపు సంఖ్య ఏమిటి, ఎలా మూశారు, రక్తం ఎంత పోయింది, యాంటీబయాటిక్ ఏది, కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టకుండా ఏం జాగ్రత్త తీసుకున్నారు, తర్వాత వార్డులో ఏం చేయాలి, చివర సంతకం. నోట్సు రోగితో పాటే రికవరీ గదికీ, అక్కడి నుంచి వార్డుకూ వెళ్లాలని, మరో డాక్టర్ అందుకుని చికిత్స కొనసాగించేంత వివరం ఉండాలని కూడా అందులో ఉంది.

మావాటిలో పేర్లు, తేదీలు, మత్తు రకం దాదాపు ఎప్పుడూ ఉన్నాయి. రక్తనష్టం, యాంటీబయాటిక్ సమయం, మెష్ (హెర్నియాకు లోపల అమర్చే వల) వివరాలు, వార్డుకు సూచనలు మాత్రం ఎప్పుడో ఒకసారి కనిపించాయి. ఒక హెర్నియా నోట్సు మొత్తం తెలుగులో చెప్తే ఇంతే: “నడుముకు మత్తు. కుడి గజ్జలో కోత. సంచిని గుర్తించి, విడదీసి, లోపలికి నెట్టాం. మెష్ పెట్టాం. రక్తస్రావం ఆగింది. పొరలవారీగా మూశాం. రోగి ఆపరేషన్‌ను బాగా తట్టుకున్నారు.”

పేర్లు మారిస్తే ఏ పెళ్లికైనా సరిపోయే శుభలేఖ లాంటిది ఇది. ఆ హెర్నియా లోపలి ఉంగరం దగ్గర పుట్టిందా, గోడ బలహీనపడి నేరుగా వచ్చిందా? సంచిలో పేగు ఉందా, కొవ్వా? గజ్జ నరం కనిపించిందా, కాపాడారా, కోయాల్సి వచ్చిందా? మెష్ ఎంత కొలత, ఏ దారంతో బిగించారు? ఆర్నెల్ల తర్వాత ఆయన గజ్జలో మంట అంటూ వస్తే నరం సంగతి తెలియాలి. హెర్నియా తిరగబెడితే మెష్ సంగతి తెలియాలి. రెండూ లేవు.

ఎవరు రాస్తున్నారో కూడా చూశాను. చేతిరాతలను బట్టి చాలావరకు మొదటి ఏడాది పీజీలు, కొన్ని చోట్ల హౌస్ సర్జన్లు. అంటే ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ రిట్రాక్టర్ (కోత అంచులను లాగి ఉంచే పరికరం) పట్టుకుని, సర్జన్ భుజం మీదుగా సగమే చూసినవాళ్లు. చేసినవాళ్లు చేతులు కడుక్కుని తర్వాతి కేసుకు వెళ్లిపోతారు. చూడనిది రాయమంటే ఎవరైనా ‘పొరలవారీగా మూశాం’ అనే రాస్తారు.

వీటి మధ్య ఒకటి రెండు ఆణిముత్యాలు దొరికాయి. వాటిలో ఒకటి మా సీనియర్ ప్రొఫెసర్ ఒకరు ఎన్నో ఏళ్ల కిందట రాసిన అల్సర్ చిల్లు నోట్సు. జీర్ణాశయం, చిన్నపేగు మొదటి భాగం పెన్నుతో గీసి, ముందువైపు గోడ మీద చుక్క పెట్టి, పక్కన ‘8 మి.మీ., అంచులు మెత్తగా ఉన్నాయి’ అని రాశారు. పొట్టలో ఎంత పిత్తం, ఏ మూలల్లో చేరింది, కొవ్వు పొరను ఎక్కడి నుంచి లాగి ఎన్ని కుట్లతో చిల్లు మీద కట్టారు, డ్రెయిన్ (లోపలి ద్రవం బయటికి వచ్చే గొట్టం) కొస ఎక్కడుంది, అన్నీ ఉన్నాయి. గడులూ లేవు, నమూనా ఫారమూ లేదు. ఈ పని చేస్తున్నన్ని రోజులూ ఆ కాగితం నా బల్ల అద్దం కింద ఉంది. రోగి పేరు, నంబరు కనబడకుండా జిరాక్స్ తీయించి పెట్టుకున్నాను.

జులై – ఎవరికి ఏం కావాలి

నోట్సుకు ఒక కొత్త ఫారం గీసే ముందు వాటిని చదివేవాళ్లను అడుగుదామని బయలుదేరాను. పోస్ట్-ఆప్ వార్డు సిస్టర్ చెప్పిందే అన్నిటికన్నా సూటిగా ఉంది. “మేడమ్, లోపల ఏం చేశారో నాకు అక్కర్లేదు. నీళ్లు ఎప్పుడు పట్టాలి, డ్రెయిన్‌లో ఏం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఈ రెండూ రాయండి చాలు. రాత్రి రెండింటికి పీజీ గారికి ఫోన్ చేస్తే ఆ కేసులో నేను లేను అంటారు.”

ఆ మాట మీదే ఫారంలో కింది మూడో వంతు వార్డుకు కేటాయించాం. నోటి ద్వారా ఎప్పుడు మొదలు, డ్రెయిన్ ఏ రకం, కొస ఎక్కడ, ఎప్పుడు తీయాలి, ఏది కనిపిస్తే పిలవాలి, ఎవరిని పిలవాలి. డ్రెయిన్ గురించి ‘చూసి తీయాలి’ అని రాయకూడదు. రొమ్ము ఆపరేషన్‌కైతే ‘24 గంటల్లో 30 మి.లీ. లోపు వస్తే’ అన్నట్టు అంకె ఉండాలి. పిత్తాశయం కేసులో ‘ఆకుపచ్చగా పిత్తం కనిపిస్తే వెంటనే’ అన్నట్టు రంగు ఉండాలి.

ఆరోగ్యమిత్రకూ తన కష్టాలున్నాయి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటి నుంచి క్లెయిముకు ఆపరేషన్ నోట్సు జత చేయడం తప్పనిసరి పని. అది చదవలేని చేతిరాతలో ఉంటే ప్రశ్నలు తిరిగొస్తాయి, ఆ అమ్మాయి కేస్ షీట్ పట్టుకుని థియేటర్ గుమ్మం దగ్గర నిలబడుతుంది. పీజీల బాధ వేరు. ఒకే సంగతి థియేటర్ రిజిస్టర్‌లో, కేస్ షీట్‌లో, క్లెయిములో, తమ లాగ్‌బుక్‌లో రాయాలి. “ఐదోది తెస్తున్నారా మేడమ్?” అని అడిగారు. కొత్తది తెస్తే పాతది ఒకటి పోవాలన్న షరతుకు ఒప్పుకున్నాను. కేస్ షీట్‌లోని తెల్ల కాగితం నోట్సు రద్దు. క్లెయిముకు ఈ ఫారం నకలే వెళ్తుంది.

ఆ అల్సర్ నోట్సు రాసిన ప్రొఫెసర్ గారు మాత్రం ఒప్పుకోలేదు. “గడులు నింపడానికి మనమేం గుమాస్తాలమా అమ్మా?” అన్నారు. ఆయన నోట్సు చూశాక ఆ మాట తీసిపారేయలేకపోయాను. అందుకే ఫారం కుడివైపు పొట్ట, ఛాతీల ఖాళీ బొమ్మ ఒకటి వేయించాం. కోత, డ్రెయిన్, స్టోమా (పేగును పొట్ట మీదికి తెచ్చిన చోటు) అందులో గీయాలి. ‘లోపల కనిపించినది’ అన్న చోట గడులు లేకుండా గీతలు మాత్రమే ఉంచాం. మొత్తం ఒకే కాగితం, ఒకే వైపు. ఇంకో వైపుకు పాకిందంటే రెండోవైపు ఎవరూ తిప్పరు.

ఫారానికి పసుపు రంగు నా ఆలోచన కాదు, ఆసుపత్రి గేటు బయటి జిరాక్స్ షాపు అబ్బాయిది. తెల్ల కాగితాల కట్టలో ఇది దొరకదు మేడమ్ అన్నాడు. నిజమే.

ఆగస్టు, సెప్టెంబరు – టిక్కుల సంగతి

మొదటి ముద్రణలో టిక్కు గడులు ఎక్కువే ఉన్నాయి. వేగంగా అయిపోవాలన్నది పీజీల కోరిక. వేగంగానే అయ్యాయి. ఖాళీలు బాగా తగ్గాయి. లెక్క చూస్తే పండగే. అప్పుడు కేసుల్లో ఉన్నవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, రాసినదీ జరిగినదీ పోల్చడం మొదలుపెట్టాను. ఈ రెండు నెలల్లో అసలు పని అదే.

పిత్తాశయం ఆపరేషన్‌లో అందరికీ తెలిసిన మూడు షరతులున్నాయి. 1995లో స్ట్రాస్‌బర్గ్ బృందం చెప్పిన క్రిటికల్ వ్యూ. కాలేయం కింద, పిత్తాశయం మెడ దగ్గరి త్రికోణంలోని కొవ్వు, పొరలు పూర్తిగా శుభ్రం కావాలి. పిత్తాశయం కింది మూడో వంతు కాలేయం నుంచి విడిపోయి కనిపించాలి. పిత్తాశయంలోకి వెళ్లేవి (ఒక పైత్యనాళం, ఒక రక్తనాళం) రెండంటే రెండే కనిపించాలి. ఆ తర్వాతే వాటిని మూసే క్లిప్పు వేయాలి. ప్రధాన పైత్యనాళాన్ని పొరబాటున కోయకుండా కాపాడే నియమం ఇది. ఫారంలో మూడు గడులు పెట్టాం. అన్ని ఫారాల్లోనూ మూడు టిక్కులు. అందులో ఒకటి, పిత్తాశయం చుట్టూ అంతా అతుక్కుపోయి, త్రికోణంలోకి వెళ్లడమే ప్రమాదమని ముందు భాగం మాత్రం కోసి, మిగిలింది వదిలి బయటికొచ్చిన కేసు. ఆ నిర్ణయం చాలా మంచిది. కాగితం మీద మాత్రం మూడు షరతులూ నెరవేరినట్టే ఉంది. రేపు మరో సర్జన్ దాన్ని చదివితే పిత్తాశయం మొత్తం పోయిందనే అనుకుంటారు.

రాసిన అబ్బాయిని అడిగితే, “టిక్కు లేకపోతే తప్పు చేసినట్టు ఉంటుంది కదా మేడమ్” అన్నాడు. అక్కడే నాకు ఈ పని స్వరూపం అర్థమైంది. తెల్ల కాగితం మీద లేనిది ఎవరికీ కనబడదు. గడి గీస్తే లేనితనం కళ్లకు కొడుతుంది, కాబట్టి ఏదో ఒకటి రాస్తారు. ఆ ఏదో ఒకటి నిజమయ్యేట్టు గడిని గీయాలి. రెండో ముద్రణలో ఆ మూడు గడులు తీసేశాం. ‘క్లిప్పు వేసేముందు ఏమేం కనిపించాయి? కనబడకపోతే ఏం చేశారు?’ అని రెండు గీతలు పెట్టాం. సోమవారం మీటింగులో విభాగాధిపతి స్వయంగా, “కనబడలేదు, ఓపెన్‌కు (పొట్ట కోసి చేసే పద్ధతికి) మార్చాం అని రాసిన నోట్సు నాకు మూడు టిక్కుల కన్నా ఎక్కువ” అన్నారు. ఫారం కన్నా ఆ ఒక్క మాటే ఎక్కువ పనిచేసింది.

యాంటీబయాటిక్ కథ ఇంకోటి. కోత పెట్టేముందు అరవై నిమిషాల లోపల మందు ఒంట్లోకి వెళ్లాలి. ‘ఇచ్చారా, లేదా’ అడిగితే అందరూ ఇచ్చారు. సమయం రాయమన్నాం. అప్పుడు ప్రతి కేసులోనూ కోతకు సరిగ్గా అరగంట ముందు ఇచ్చినట్టు రాసుకొచ్చారు. కోత సమయం చూసి వెనక్కి లెక్కేసి రాస్తున్నారు మరి. మత్తు డాక్టర్ చార్టులో మందు ఎక్కించిన నిమిషం ఎప్పుడూ ఉంటుంది. ఇప్పుడు ఆ గడి మత్తు డాక్టర్లే నింపుతున్నారు. కొన్ని సమయాలు చూస్తే బాధేస్తుంది, వార్డులోనే ఇచ్చేసి రెండు గంటలు బయట కూర్చోబెట్టిన కేసులు కనిపిస్తున్నాయి. కానీ అవి నిజం సమయాలు. వార్డులో ఇచ్చే అలవాటు మానిపించడానికి ఇప్పుడు చేతిలో ఆధారం ఉంది.

రక్తనష్టం దగ్గర ‘స్వల్పం’ అన్న మాట రాజ్యమేలుతోంది. అంకె రాయమంటే ఎలా తెలుస్తుందని అడిగారు, న్యాయమైన ప్రశ్నే. థియేటర్ సిస్టర్‌తో కలిసి చిన్న లెక్క ఫారం అంచున అచ్చు వేశాం. పది సెంటీమీటర్ల చదరపు గాజ్ గుడ్డ పూర్తిగా తడిస్తే దాదాపు 60 మి.లీ., నలభై ఐదు సెంటీమీటర్ల పెద్ద గుడ్డ (మాప్) పూర్తిగా నానితే 350 మి.లీ. వరకు పీలుస్తుంది. సక్షన్ సీసాలో ఉన్నదాంట్లోంచి కడగడానికి పోసిన సెలైన్ తీసేయాలి. ఇది ప్రసవాల్లో రక్తనష్టం అంచనాకు వాడే లెక్క. ఖచ్చితత్వం దీనితో రాదు, కానీ ‘స్వల్పం’ మాత్రం పోతుంది.

ఒక పీజీ మంచి ఉద్దేశంతోనే హెర్నియాకు పూర్తి నోట్సు ముందే టైపు చేసి, కావలసినచోట మార్చుకుందామని తెచ్చాడు. చాలా శుభ్రంగా ఉంది. వద్దన్నాను. ముందే రాసి ఉన్న వాక్యాన్ని ఎవరూ చదవరు. ఎడమవైపు హెర్నియాకు ‘కుడి’ అని అచ్చయిన కాగితం జతయ్యే రోజు ఎంతో దూరంలో ఉండదు. పైగా ఈ ఫారంలో వైపు మాత్రం అక్షరాల్లో పూర్తిగా, చేత్తో రాయాలని పెట్టాం. ఒంటి అక్షరం పనికిరాదు.

మరో అలవాటు కూడా ఆపించాను. నింపిన ఫారం ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం. రోగి పేరు, వయసు, ఊరు అన్నీ అందులో ఉంటాయి. లాగ్‌బుక్‌కు కావాలంటే పేరు మూసి నకలు తీసుకోవచ్చు.

అక్టోబరు – పంచింగ్ మిషను

ఈ నెల సగం చిల్లర పనులకే పోయింది. రికార్డుల గదిలో కేస్ షీట్లను ట్యాగుతో కట్టడానికి ఎడమ అంచున రెండు రంధ్రాలు చేస్తారు. మా ఫారంలో ఆ రెండో రంధ్రం సరిగ్గా ‘తీసిన భాగం’ అన్న గడి మీద పడుతోంది. తీసిన పిత్తాశయాన్ని బంధువులకు చూపించాక అది పరీక్షకు వెళ్లిందా, ఎవరి చేతికిచ్చారు అన్నది ఉండాల్సిన చోటు అది. ఎప్పుడో ఒకసారి రాళ్ల కోసం తీసిన పిత్తాశయంలోనే క్యాన్సర్ బయటపడుతుంది. అప్పుడు ఆపరేషన్‌లో పిత్తం పొట్టలో చిందిందా లేదా అన్న సంగతి కూడా కావాలి. ఆ జవాబు గుండ్రని కాగితపు ముక్కై పంచింగ్ మిషనులో మిగిలిపోతోంది. అంచు వెడల్పు చేసి మళ్లీ అచ్చు వేయించాం.

ఇంకోటి. ఫారాలు పగలు థియేటర్ బల్ల మీద ఉంటాయి, రాత్రి స్టోరు బీరువాలో. తాళం పగటి సిస్టర్ దగ్గర. దాంతో అత్యవసర కేసులన్నీ, అంటే నోట్సు అన్నిటికన్నా బాగుండాల్సిన కేసులు, మళ్లీ తెల్ల కాగితం మీదకే వెళ్లాయి. కత్తిపోటు కేసుల్లో ఇది మరీ ముఖ్యం. అవి కోర్టుకు వెళ్తాయి. గాయం ఎక్కడ మొదలై ఎంత లోతు వెళ్లింది, పేగులో ఎన్ని చోట్ల తగిలింది అన్నది ఏళ్ల తర్వాత బోనులో నిలబడి చెప్పాల్సి వస్తుంది. ఇప్పుడు క్యాజువాలిటీ థియేటర్‌లో గోడకు ఒక డబ్బా బిగించాం. ఆ డబ్బాలో ఫారాలు నింపే బాధ్యత ఎవరిదన్న వాదన ఇంకా తెగలేదు. ప్రస్తుతానికి డ్యూటీ హౌస్ సర్జన్‌ది.

నవంబరు – మళ్లీ రికార్డుల గది

అవే నాలుగు ఆపరేషన్లు, అదే జాబితా. పగటి కేసుల్లో దాదాపు అన్నిటిలో పసుపు కాగితం ఉంది. వార్డు సూచనల భాగమే అన్నిటికన్నా బాగుపడింది, ఎందుకంటే ఖాళీగా ఉంటే ఆ సిస్టర్ రోగిని తీసుకోవడానికి ఒప్పుకోవడం లేదు. మెష్ వివరాలు కూడా మారాయి. మెష్ డబ్బాలో వచ్చే స్టిక్కర్లు ఇదివరకు డబ్బాతో పాటే చెత్తబుట్టలోకి పోయేవి. ఎముకల విభాగం వాళ్లు ప్లేట్ల స్టిక్కర్లు ఎప్పటినుంచో కేస్ షీట్‌లో అంటిస్తున్నారు. మేమూ ఫారంలో ఒక చదరపు ఖాళీ ఉంచి, అంటించే పని మెష్ విప్పే సిస్టర్‌కు అప్పగించాం. కలం పట్టే పనే లేదు.

బాగుపడనివి కాళ్ల సిరల జాగ్రత్త, రాసినవాళ్ల గుర్తింపు. ముందుదానికి కారణం ఫారం కాదు, ఆ జాగ్రత్త తీసుకోవడమే మాలో తక్కువ. రెండోదానికి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న రబ్బరు స్టాంపులు చేయించమన్నాం. సగం మంది చేయించుకున్నారు, మిగతావాళ్ల సంతకాలు ఇంకా ఈసీజీ గీతల్లాగే ఉన్నాయి. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం లోపలి రోగుల రికార్డులు మూడేళ్లు భద్రపరచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. మూడేళ్ల తర్వాత ఆ గీత ఎవరిదో పోల్చుకునేవాళ్లు ఈ పీజీల్లో ఒక్కరూ ఇక్కడ ఉండరు.

నోట్సు ఎప్పుడు రాస్తున్నారన్నది అన్నిటికన్నా మొండి సమస్య. సాయంత్రం లిస్టు మొత్తం అయ్యాక వరసబెట్టి రాసే అలవాటు పోవడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన 19 అంశాల భద్రతా జాబితా మా థియేటర్‌లో చాలాకాలంగా ఉంది. న్యూఢిల్లీ సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దాన్ని వాడి చూసినప్పుడు మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో అచ్చయింది. ఆ జాబితాలో రోగి థియేటర్ దాటేముందు నర్సు పైకి చెప్పాల్సిన మొదటి మాట, చేసిన ఆపరేషన్ పేరు. మేం దానికే ఫారాన్ని ముడిపెట్టాం. పేరు చెప్పిన వెంటనే, గాజ్ గుడ్డల లెక్క సాగుతుండగా, సర్జన్ గ్లవ్స్ విప్పకముందే ‘కనిపించింది, చేసింది’ అన్న రెండు భాగాలు పైకి చెప్తారు, పీజీ రాసుకుంటారు. మా యూనిట్‌లో ఇది నిలబడింది. పక్క యూనిట్‌లో వారం ఉండి పోయింది.

డిసెంబరు – గైనిక్ వాళ్ల కబురు

ప్రొఫెసర్ గారు ఇప్పుడు ఫారం వాడుతున్నారు. గడులు సగం వదిలేసి, బొమ్మ మీద మాత్రం తీరిగ్గా గీస్తారు. పీజీలు ఆ బొమ్మ చూసి గడులు నింపుతారు. నాకేమీ అభ్యంతరం లేదు.

కంప్యూటర్‌లోకి ఎక్కించమని పైనుంచి సూచన వచ్చింది. థియేటర్ దగ్గరున్న ఒక్క కంప్యూటర్ క్లెయిముల పనికే చాలడం లేదు. అదీగాక జాబితాలోంచి ఎంచుకునే పద్ధతి వస్తే టిక్కుల కథ మళ్లీ మొదటికొస్తుంది. తొందరపడదలచుకోలేదు.

ప్రసూతి విభాగం వాళ్లు సిజేరియన్‌కు ఇలాంటిదే కావాలని అడిగారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) లెక్కన తెలంగాణలో ప్రసవాల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. అంటే మన దగ్గర అన్నిటికన్నా ఎక్కువగా మళ్లీ తెరవాల్సి వచ్చే ఆపరేషన్ ఇదే. గర్భాశయం మీద కోత కింద అడ్డంగా పెట్టారా, పైన నిలువుగానా, అది చీలి పక్కకు సాగిందా, మూత్రాశయం అతుక్కుని ఉందా? తర్వాతి కాన్పు మామూలుగా ప్రయత్నించవచ్చా లేదా అన్నది వీటి మీదే ఆధారపడుతుంది. చర్మం మీది మచ్చ చూసి ఇవేవీ చెప్పలేం. వాళ్లు పంపిన ముసాయిదాలో ‘గర్భాశయం కోత: మామూలే’ అని ఒక టిక్కు గడి ఉంది. దాని మీద ఎర్ర ఇంకుతో గీతపెట్టి తిప్పి పంపాను. మంగళవారం మధ్యాహ్నం ఓపీ అయ్యాక కూర్చుంటున్నాం. పోస్ట్-ఆప్ వార్డు సిస్టర్‌ను కూడా రమ్మన్నాను.